జావో జియాంగ్ కోసం ఒక నిమిషం మౌనం: హాంగ్‌కాంగ్ సభ ఆగిపోయిన రోజు

పాతపేపర్లు

జనవరి వచ్చినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. ఇక్కడ ఎవరూ రాసినట్టు లేదు, అందుకని మొదలుపెడుతున్నా.

చైనా కమ్యూనిస్టు పార్టీ మాజీ ప్రధాన కార్యదర్శి జావో జియాంగ్ 2005 జనవరి 17న బీజింగ్‌లో చనిపోయారు. వయసు 85. ఏడేళ్లు దేశ ప్రధాని, రెండున్నరేళ్లు పార్టీ అధినేత, ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా గృహనిర్బంధం. ప్రభుత్వ వార్తాసంస్థ షిన్హువా ఇచ్చిన వార్త నాలుగు ముక్కలు. కామ్రేడ్ జావో జియాంగ్ చాలాకాలంగా ఊపిరితిత్తులు, గుండె జబ్బులతో బాధపడుతూ మరణించారు, అంతే. ఆయన ప్రధానిగా చేశారని గానీ, పార్టీని నడిపారని గానీ ఒక్క మాట లేదు.

రెండు రోజుల తర్వాత, 19వ తేదీ బుధవారం, హాంగ్‌కాంగ్ లెజిస్లేటివ్ కౌన్సిల్ సమావేశమైంది. ప్రజాస్వామ్య పక్షం సభ్యులు ఆయన స్మృతికి ఒక నిమిషం మౌనం పాటిద్దామని అడిగారు. సభా నియమాల్లో దానికి చోటు లేదని అధ్యక్షురాలు రీటా ఫాన్ ఒప్పుకోలేదు. అడిగినవాళ్లు ఊరుకోలేదు. లేచి నిలబడ్డారు. ఆవిడ సభను ఆపేశారు.

ఆ రోజుల్లోనే అమెరికాలో రెండు పార్టీల చట్టసభ సభ్యులూ ఆయనకి నివాళి చెప్పి, 1989 నుంచి జైళ్లలో మగ్గుతున్నవాళ్లని వదలమని చైనాను కోరారు. కానీ నన్ను ఎక్కువ కదిలించింది హాంగ్‌కాంగ్. అమెరికా సభ్యుడికి బీజింగ్ కోపం వల్ల పోయేది పెద్దగా ఏమీ ఉండదు. హాంగ్‌కాంగ్ సభ్యుడి సంగతి అలా కాదు. ఆయన నిలబడింది చైనా జెండా కింద.

చదివినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.

సికాకోలు శీను

పాతపేపర్లు గారూ, మా ఇంట్లో చైనా అంటే మావో, ఆ తర్వాత డెంగ్. మా పెదనాన్న గోడల మీద "చైనా ఛైర్మనే మా ఛైర్మన్" అని రాసిన కాలం మనిషి. ఈ జావో పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరీయన? పార్టీ అధినేతని పార్టీయే పదిహేనేళ్లు ఇంట్లో పెట్టి తాళం వేసేంత తప్పు ఏం చేశాడు?

నెల్లూరు మాస్టారు

శీనూ, కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

హెనాన్ రాష్ట్రంలో 1919లో పుట్టాడు. సాంస్కృతిక విప్లవం నాటికి గ్వాంగ్‌డాంగ్ పార్టీ కార్యదర్శి. అప్పుడు అతన్ని దించి, వీధుల్లో అవమానించి, హునాన్‌లో ఒక ఫ్యాక్టరీకి ఫిట్టర్ పనికి పంపారు. 1971లో మళ్లీ పిలిచారు. 1975లో సిచువాన్ అప్పజెప్పారు. మావో కాలపు కరువులో సిచువాన్ పడ్డ బాధ అంతా ఇంతా కాదు. అక్కడ రైతు కుటుంబాలకి భూమి మీద, పంట మీద చేతనైనంత స్వేచ్ఛ ఇస్తూ పోయాడు. కొన్నేళ్లలోనే తిండిగింజల దిగుబడి పెరిగింది. "గింజలు కావాలంటే జియాంగ్‌ని వెతుక్కో" అని జనం పాట కట్టారు. దాంతో 1980లో ప్రధాని అయ్యాడు. తీరప్రాంతాల్లో ఎగుమతి పరిశ్రమలు, ధరల మీద అదుపు సడలించడం, ఇదంతా రోజువారీగా నడిపినవాడు ఇతనే. లోకం మాత్రం మొత్తం డెంగ్ లెక్కలో వేసింది.

ఇక 1989. ఏప్రిల్ 15న, జావోకి ముందు పార్టీ అధినేతగా ఉన్న హూ యావోబాంగ్ చనిపోయాడు. అతనూ సంస్కరణవాదే, అతన్నీ అంతకు రెండేళ్ల ముందు దించారు. సంతాపానికి వచ్చిన విద్యార్థులు తియానన్మెన్ మైదానం నుంచి కదల్లేదు. జావో 23న ఉత్తర కొరియా వెళ్లాడు. అతను ఊళ్లో లేనప్పుడే, 26న, పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సంపాదకీయం ఆ పిల్లల ఉద్యమాన్ని "అల్లకల్లోలం" అని ముద్ర వేసింది. తిరిగొచ్చి ఆ ముద్ర తీసేయాలని పట్టుబట్టాడు. మే 17న డెంగ్ ఇంట్లో జరిగిన సమావేశంలో సైనిక శాసనం పెట్టడానికి నిర్ణయం జరిగింది. ఈయన ఒప్పుకోలేదు.

మే 19 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మైదానానికి వెళ్లాడు. నిరాహార దీక్షలో ఉన్న పిల్లలు బస్సుల్లో ఉన్నారు. చేతికి ఒక మెగాఫోన్ ఇచ్చారు. ఆలస్యంగా వచ్చాం, క్షమించండి, మీరు మమ్మల్ని ఏమన్నా పడతాం, మీరు ఇంకా చిన్నవాళ్లు, బతకాలి, మేం ముసలివాళ్లం, మాకేమైనా ఫరవాలేదు, దీక్ష మానండి, అని బతిమాలాడు. గొంతు వణుకుతోంది. చెప్పడం అయ్యాక పిల్లలు ఆటోగ్రాఫుల కోసం ఎగబడ్డారు. జనం అతన్ని చూసింది అదే ఆఖరు. మర్నాడు సైనిక శాసనం. జూన్ 3 రాత్రి, 4 ఉదయం సైన్యం వచ్చి జనం మీద కాల్పులు జరిపింది, తెలుసుగా. అదే నెలలో అతన్ని అన్ని పదవుల నుంచీ తీసేశారు. నేరం: అల్లకల్లోలానికి మద్దతివ్వడం, పార్టీని చీల్చడం.

మే 19న మైదానంలో తీసిన ఫోటోలో జావో వెనకాల నిలబడ్డ సన్నపాటి మనిషి వెన్ జియాబావో. జావో చనిపోయిన రోజున చైనా ప్రధాని ఆయనే. అంత్యక్రియలకి మాత్రం పార్టీ తరఫున జియా చింగ్లిన్ వచ్చాడు.

ఓరుగల్లు అనిత

మాస్టారూ, మంచిగ చెప్పిండ్రు. కానీ నాకొక ముచ్చట మింగుడు పడ్తలేదు. అమెరికోళ్లు నివాళి అంటరు, మానవ హక్కులు అంటరు. 2005ల అమెరికోళ్ల గ్వాంటనామో జైలు నిండా మనుషులుండిరి. ఇరాక్‌ల అబూ గ్రైబ్ జైలు ఫోటోలు అంతకుముందు సంవత్సరమే బయటికొచ్చినయ్. ఆ సభలకెల్లి చైనాకు హక్కుల పాఠం చెప్తే ఎవరింటరు?

ఇంకొకటి. 1989 జూన్‌ల పిల్లల్ని చంపిన నెల రోజులకే అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ తన సలహాదారు స్కోక్రాఫ్ట్‌ను గుట్టుగ బీజింగ్ పంపిండు. దోస్తీ చెడగొట్టుకోవద్దని. సభల ఒక మాట, వెనుకకెల్లి ఒక మాట. జావో పేరు వాళ్లకు చైనాను పొడవనీకి ఒక కట్టె, అంతే.

గోదారిగట్టు

అనిత గారూ, మీరు చెప్పిన రెండూ నిజమే. కానీ బుష్‌ని మొట్టమొదట నిలదీసింది అక్కడి చట్టసభే కదండీ. స్కోక్రాఫ్ట్ డిసెంబరులో మళ్లీ వెళ్లి బీజింగ్ నాయకులతో గ్లాసులు కలిపినప్పుడు గోల చేసింది కాంగ్రెస్ సభ్యులే. 1990 ఫిబ్రవరిలో తియానన్మెన్ ఆంక్షలని చట్టంలో రాసింది కూడా వాళ్లే. ప్రభుత్వాన్నీ సభనీ ఒకే గాటన కట్టొద్దు. 1991 సెప్టెంబరులో నాన్సీ పెలోసి, ఇంకో ఇద్దరు సభ్యులు అదే మైదానంలో ఒక చిన్న నల్ల బ్యానర్ విప్పారు. చైనా ప్రజాస్వామ్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకి అని దాని మీద రాసి ఉంది. పోలీసులు వెంటపడ్డారు. అది వాళ్ల ప్రభుత్వానికి కూడా నచ్చని పనే.

న్యాయవాది అనంత్

ఈ చర్చలో "వాళ్ల దేశం విషయం మనకెందుకు" అనే వాదన ఇంకా రాలేదు, వస్తుంది. ముందే నా మాట చెప్తా.

1954లో పంచశీలలో మనమూ చైనా కలిసి రాసుకున్నాం, ఒకరి లోపలి వ్యవహారాల్లో ఇంకొకరు తలదూర్చకూడదని. బీజింగ్ ఇప్పటికీ అదే పాట. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1946లో, ఐక్యరాజ్యసమితికి వెళ్లి దక్షిణాఫ్రికాలో భారతీయులని ఎలా చూస్తున్నారో అడిగింది మనమే. ఇది మా లోపలి విషయం అని దక్షిణాఫ్రికా అప్పుడు అంది. మనం ఒప్పుకోలేదు. వాణిజ్యం తెంచుకున్నాం. 2013 డిసెంబరులో మండేలా చనిపోతే లోక్‌సభ, రాజ్యసభ రెండూ నివాళి చెప్పి వాయిదా పడ్డాయి, దేశం అయిదు రోజులు సంతాపం పాటించింది. ఆ రోజు ఆయన మన దేశస్తుడు కాదుగా అని ఏ సభ్యుడూ అనలేదు.

కాబట్టి పరాయి దేశపు మనిషికి చట్టసభ నివాళి చెప్పొచ్చా అన్నది మనకు ఎప్పుడో తేలిపోయిన ప్రశ్న. మండేలాకి చెప్పి జావోకి, చైనా జైల్లో పెట్టిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత లియూ షియావోబోకి చెప్పకపోవడానికి కారణం పంచశీల కాదు. సరిహద్దు. అది అర్థం చేసుకోగలను. 1988 డిసెంబరులో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లారు, 34 ఏళ్ల తర్వాత అక్కడికి వెళ్లిన మొదటి భారత ప్రధాని. డెంగ్‌ని కలిశారు, ఈ జావోని కూడా కలిశారు. ఆరు నెలలు తిరక్కుండానే తియానన్మెన్. ఢిల్లీ నోరు మెదపలేదు. అర్థం చేసుకోవడం వేరు, సరే అనడం వేరు.

కృష్ణలంక వాసు

అందరూ దండలు వేస్తున్నారు, నేనొక కష్టమైన సంగతి ఎత్తాలి. ఒక్క బిడ్డ విధానం మీద పార్టీ బహిరంగ లేఖ వచ్చింది 1980 సెప్టెంబరు 25న. అదే నెలలో జావో ప్రధాని అయ్యారు. 1983 ఊళ్లకి ఊళ్లు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన ఏడాది. ఒక్క ఏడాదిలో సుమారు 2 కోట్ల మందికి. ఆ మంత్రివర్గానికి పెద్ద ఈయనే. బలవంతంగా గర్భాలు తీయించుకున్న ఆడవాళ్ల హక్కుల సంగతేంటి? హూ యావోబాంగ్‌ని దించినప్పుడు ఆ కుర్చీలో కూర్చుంది కూడా ఈయనే. మానవ హక్కుల పేరు మీద నివాళి అన్నప్పుడు ఇవన్నీ పక్కన పెట్టేయాలా?

శాంతిశ్రీ

వాసు గారూ, పక్కన పెట్టకూడదు. నేను ఆడదాన్ని, అది పక్కన పెట్టమంటే ఒప్పుకోను కూడా.

అయినా ఆయనకి నివాళి సబబే అంటాను, ఎందుకో చెప్తాను. నిర్బంధంలో ఉండగా 2000 ప్రాంతంలో జావో తన మాటలని రహస్యంగా టేపుల్లో చెప్పుకున్నారు. దాదాపు ముప్పై క్యాసెట్లు. ఇంట్లో పడున్న పిల్లల పాటల క్యాసెట్లు, పెకింగ్ ఒపెరా క్యాసెట్లు తీసుకుని వాటి మీదే రికార్డు చేశారు. వాటి మీద పేరు లేదు, పెన్సిల్‌తో లీలగా నంబర్లు మాత్రం ఉన్నాయి. గుమ్మం దగ్గర కాపలా ఉండగా, ఒకటొకటిగా నమ్మకస్తుల చేతుల మీదుగా బయటికి పంపారు. ఆయన పోయిన నాలుగేళ్లకి, 2009 మేలో, అవి పుస్తకంగా వచ్చాయి.

అందులో ఆయన చేరిన చోటు చూడండి. ప్రధానిగా ఉన్నప్పుడు ఆయన ప్రజాస్వామ్యవాది కాదు. పార్టీ నాయకత్వం ఉంటూనే కాస్త పారదర్శకత ఉంటే చాలు అనుకున్నారు. చివరికి వచ్చేసరికి, మనకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికంటే ప్రాణమున్నది పార్లమెంటరీ ప్రజాస్వామ్యమే, చైనా అటు నడవక తప్పదు అన్నారు. జీవితమంతా ఒక పార్టీలో గడిపి, ఆ పార్టీ చేతే బంధింపబడి, ఎనభై ఏళ్ల వయసులో ఒంటరిగా కూర్చుని అక్కడికి చేరుకోవడం నాకు చాలా పెద్ద విషయం. తాను తప్పు చేశానని ఆయన ఒప్పుకోలేదు.  పైగా 1997లో పార్టీ మహాసభకి ఉత్తరం రాసి, జూన్ 4ని మళ్లీ విచారించమని అడిగారు. దాంతో నిర్బంధం ఇంకా బిగించారు.

1983 ఆపరేషన్లు ఆయన ఖాతాలో ఉంటాయి. మే 19 కూడా ఉంటుంది.

నెల్లూరు మాస్టారు

శాంతిశ్రీ గారు పార్లమెంటు మాట ఎత్తారు కాబట్టి, చాలామందికి తెలియని ఒక సంగతి కలుపుతాను. ఈ మొత్తం కథకి గుండెకాయ ఇదే అనిపిస్తుంది నాకు.

చైనాకూ ఒక చట్టసభ ఉంది, నేషనల్ పీపుల్స్ కాంగ్రెస్. రాజ్యాంగం ప్రకారం దేశంలో అన్నిటికంటే పెద్ద అధికారం దానిదే. 1989 మేలో జావో చెప్పింది ఏమంటే, ఈ గొడవని ప్రజాస్వామ్య పద్ధతిలో, చట్టం దారిలో తేల్చుదాం అని. ఆ సభ అధ్యక్షుడు వాన్ లీ అప్పుడు ఉత్తర అమెరికా పర్యటనలో ఉన్నాడు. త్వరగా పిలిపిద్దామని జావో చూశాడు, కుదర్లేదు. సైనిక శాసనం వచ్చాక హూ జివెయ్ అని ఆ సభ స్థాయీ సంఘం సభ్యుడు, పీపుల్స్ డైలీకి ఒకప్పటి పెద్ద, అత్యవసర సమావేశం పెట్టి శాసనం చెల్లుతుందో లేదో చర్చిద్దామని సంతకాలు సేకరించాడు. యాభైకి పైగా పేర్లు వచ్చాయి. వాన్ లీ విమానాన్ని బీజింగ్‌కి రానివ్వకుండా షాంఘైలో దింపారు. రెండు రోజులకి సైనిక శాసనాన్ని సమర్థిస్తూ ఆయన పేరుతో ప్రకటన వచ్చింది. సమావేశం జరగలేదు. హూ జివెయ్ పదవి ఊడింది.

అంటే చైనా చట్టసభకి ఆ పదిహేను రోజుల్లో నోరు తెరిచే అవకాశం వచ్చింది, నొక్కేశారు. సైన్యం వచ్చింది ఆ తర్వాత. అందుకనే 2005లో హాంగ్‌కాంగ్‌లో ఆ సభ్యులు లేచి నిలబడటాన్ని నేను చిన్నగా చూడలేను. చైనా పాలనలో ఉన్న నేల మీద, జావో పేరు ఒక చట్టసభ లోపల గౌరవంగా వినపడింది అక్కడే.

ఓరుగల్లు అనిత

గీ హూ జివెయ్ ముచ్చట నాకు తెల్వదు మాస్టారూ. గిట్ల చెప్తే సమజైతది. అమెరికా సంగతి మీద నా మాట నాదే, హాంగ్‌కాంగ్ సంగతి మీద మాత్రం మీతోనే.

కౌలూన్ నుంచి

నేను హాంగ్‌కాంగ్‌లోనే ఉంటాను, సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆ రోజులు బాగా గుర్తున్నాయి.

సభ జరిగింది సెంట్రల్‌లో పాత సుప్రీంకోర్టు భవనంలో. గుమ్మటం, రాతి స్తంభాలు, ఎదురుగా స్టాచ్యూ స్క్వేర్. అప్పట్లో సభలో 60 మంది. జనం నేరుగా ఎన్నుకునేది 30 మందినే. మిగతా 30 బ్యాంకులు, వ్యాపార సంఘాలు, వృత్తుల వాళ్లు ఎన్నుకునేవాళ్లు. ప్రజాస్వామ్య పక్షానికి ఎప్పుడూ మెజారిటీ రాకుండా ఆ లెక్క. జూన్ 4 బాధితులకి న్యాయం చేయమని సెటో వా లాంటి పెద్దలు ఏటా తీర్మానం పెట్టేవారు, ఏటా ఓడిపోయేది. ఓడిపోతుందని తెలిసే పెట్టేవారు. ఎవరు ఎటు ఓటేశారో సభ రికార్డుల్లో ఉండాలి, వాళ్ల పట్టుదల అదే.

జావో పోయిన వారంలోనే, 21వ తేదీ శుక్రవారం రాత్రి, విక్టోరియా పార్కులో కొవ్వొత్తుల సభ జరిగింది. మేం పక్కింటి చైనీస్ ముసలాయనతో కలిసి వెళ్లాం. జనవరి చలి, వేలమంది. కొవ్వొత్తి చుట్టూ తెల్ల కాగితం పొట్లంలా చుట్టి ఇచ్చారు, మైనం చేతి మీద పడకుండా, గాలికి ఆరకుండా. ఆయన గ్వాంగ్‌డాంగ్ నుంచి 60ల్లో కరువుకి తాళలేక వచ్చినవాడు. జావో మా గ్వాంగ్‌డాంగ్‌లో పనిచేసిన మనిషి, మా జావో, అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

గోదారిగట్టు

కౌలూన్ అన్నా, అది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఒక్క ప్రశ్న. బీజింగ్‌లో మామూలు జనం సంతాపం చెప్పుకోగలిగారా?

కౌలూన్ నుంచి

కొంతమంది ఫూచియాంగ్ హుతుంగ్ 6వ నంబరు ఇంటికి, అంటే జావో ఇంటికి, వెళ్లగలిగారు, లోపల ఒక గదిలో ఫోటో పెట్టి పూలు పెట్టుకున్నారు. చాలామందిని సందు మొదట్లోనే ఆపేశారు. అర్జీలు పట్టుకుని బీజింగ్ వచ్చే పల్లెటూరి జనం కొందరు నివాళి చెప్పబోతే పట్టుకెళ్లారు. ఆయన దగ్గర పనిచేసి ఏడేళ్లు జైలుకెళ్లిన బావో తోంగ్‌ని అంత్యక్రియలకి రానివ్వలేదు. జనవరి 29న బాబావోషాన్ శ్మశానంలో కడసారి చూపు. జీవిత విశేషాలు చదవడం ఉండాలి కదా, అందులో ఏం రాయాలో ఇంటివాళ్లకీ పార్టీకీ కుదరక అసలు చదవనే లేదు. ఆ రోజు షిన్హువా మాత్రం, 1989లో ఆయన తీవ్రమైన తప్పులు చేశారని మళ్లీ రాసింది.

పాతపేపర్లు

మన తెలుగువాళ్లకి ఇంకో తీగ కూడా తగులుతుంది. 1988 డిసెంబరులో రాజీవ్ వెంట బీజింగ్ వెళ్లిన విదేశాంగ మంత్రి మన పీవీ. 1993లో ప్రధానిగా మళ్లీ వెళ్లి వాస్తవాధీన రేఖ మీద శాంతి ఒప్పందం చేసుకుంది ఆయనే. పీవీ పోయింది 2004 డిసెంబరు 23న. జావో పోయింది ఇరవై అయిదు రోజులకి. ఇద్దరూ తమ దేశాల ఆర్థిక గతిని తిప్పినవాళ్లు, ఇద్దరికీ సొంత పార్టీలోనే గౌరవం దక్కలేదు. ఢిల్లీలో పీవీ దేహాన్ని పార్టీ ఆఫీసు గేటు లోపలికి కూడా తీసుకెళ్లలేదు.

కృష్ణలంక వాసు

పాతపేపర్లు గారూ, ఈ పోలిక దగ్గర మాత్రం ఆగాలండి. పీవీ గారికి జరిగింది అవమానం, కాదనను. కానీ ఆయన ఇంటి ముందు పదిహేనేళ్లు కాపలా లేదు. ఆయన పుస్తకాలు రాసుకున్నారు, అచ్చువేసుకున్నారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2020 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ భారతరత్న ఇవ్వమని తీర్మానం చేసింది, 2024లో ఇచ్చారు. పీవీ మీద కోపమున్నవాళ్లు, బాబ్రీ విషయంలో ఆయన్ని ఇప్పటికీ క్షమించనివాళ్లు, అదీ బహిరంగంగా చెప్పగలరు. చైనాలో జావో పేరు పాఠ్యపుస్తకంలో ఉండదు. రెండూ ఒకటి కావు.

పాతపేపర్లు

వాసు గారూ, ఒకటే అనలేదు నేను. పార్టీలు తమ పెద్దలతో ఎలా ప్రవర్తిస్తాయో అంతవరకే. మీరు చెప్పిన తేడా మాత్రం నిలుస్తుంది: ఇక్కడ ఒక అసెంబ్లీ కూర్చుని తీర్మానం చేయగలిగింది.

సికాకోలు శీను

మాస్టారూ, అనంత్ గారూ, నాకు ఒకటి చెప్పండి. తీర్మానాలు చేసి, లేచి నిలబడి, అసలు ఏమైనా జరిగిందా? చైనా వింటుందా?

న్యాయవాది అనంత్

శీనూ, చైనా వినలేదు. యూరప్ విన్నది. 1989 జూన్‌లో యూరప్ దేశాలు చైనాకి ఆయుధాలు అమ్మకూడదని నిషేధం పెట్టాయి. 2004, 2005ల్లో ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్, జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్ దాన్ని ఎత్తేయాలని గట్టిగా ప్రయత్నించారు. ఇక ఎత్తేసినట్టే అనుకున్నారు అందరూ. యూరోపియన్ పార్లమెంటు వద్దంటూ ఓట్లు వేస్తూనే ఉంది. జావో పోయిన రెండు వారాలకి, ఫిబ్రవరి 2న, అమెరికా ప్రతినిధుల సభ 411-3 ఓట్లతో యూరప్‌ని ఎత్తేయొద్దని కోరింది. మార్చిలో చైనా తైవాన్ మీద బలప్రయోగానికి దారి తెరిచే చట్టం చేసింది. దాంతో యూరప్ వెనక్కి తగ్గింది. ఆ నిషేధం ఇవాళ్టికీ ఉంది. మన సరిహద్దు గురించి ఆలోచించేవాళ్లకి ఇది చిన్న విషయమేం కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ. 2024 ఫిబ్రవరి 16న ఆర్కిటిక్ జైల్లో పోయాడు. 28న ఆయన భార్య యూలియా స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ పార్లమెంటులో మాట్లాడింది. పద్ధతిగా సంతాపాలు చెప్పడం మానండి, పుతిన్ మనుషుల డబ్బు ఎక్కడుందో వెతకండి అనే అర్థం వచ్చేలా అడిగింది. మర్నాడు సభ 506-9 ఓట్లతో తీర్మానం చేసి, రష్యాలోని రాజకీయ ఖైదీలందరినీ విడుదల చేయమంది. ఆ ఆగస్టులో ఖైదీల మార్పిడిలో వ్లాదిమిర్ కారా-ముర్జా లాంటివాళ్లు బయటికి వచ్చారు. తీర్మానం వల్లే వచ్చారని నేననను. కానీ వాళ్ల పేర్లు ఎవరూ పలకకపోయి ఉంటే ఆ జాబితాలోకి ఎక్కేవి కావు.

శాంతిశ్రీ

అనంత్ గారూ, ఆ ఆఖరి వాక్యానికి ఇంకో పేరు కలుపుతాను. డింగ్ జిలిన్. బీజింగ్‌లో తత్వశాస్త్రం చెప్పే టీచర్. 1989 జూన్ 3 రాత్రి ఆవిడ కొడుకు తూటాకి పోయాడు, పదిహేడేళ్లు. ఆవిడా, అలాగే పిల్లల్ని పోగొట్టుకున్న ఇంకొందరూ కలిసి పేరు పేరునా చనిపోయినవాళ్ల జాబితా తయారుచేశారు. 1995 నుంచి ఏటా చైనా చట్టసభకే అర్జీ పెట్టుకుంటూ వచ్చారు. మూడే కోరికలు: నిజం చెప్పండి, పరిహారం ఇవ్వండి, బాధ్యుల్ని చట్టం ముందు నిలబెట్టండి. సమాధానం రాలేదు. ఆ తల్లులు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోతున్నారు.

చట్టసభ అంటే జవాబు చెప్పాల్సిన చోటు. అది చెప్పనప్పుడు ఎక్కడో ఇంకో చట్టసభ ఆ పేర్లు పలుకుతోందంటే, అందులో ఎంత రాజకీయం ఉన్నా సరే, ఆ తల్లి వైపు నుంచి చూడండి ఒకసారి.

ఓరుగల్లు అనిత

అక్కా, తల్లి వైపుకెల్లి చూస్తే నేనేం మాట్లాడను. కానీ మన దగ్గర కూడా ఎన్‌కౌంటర్ అని పేరు పెట్టి చంపితే శవం అడిగిన తల్లులున్నరు. వరంగల్‌ల, కరీంనగర్‌ల నేను చూసుకుంట పెరిగిన. మన అసెంబ్లీ వాళ్లకేం జవాబిచ్చింది? జావోకు లేచి నిలబడేటోళ్లు మన తల్లులకు కూడా లేచి నిలబడాలె. నేనడిగేది గంతే.

శాంతిశ్రీ

నిలబడాలి అనితా. రెండు చోట్లా. ఇందులో నీకూ నాకూ తేడా లేదు.

గోదారిగట్టు

కౌలూన్ అన్నా, ఇప్పుడు ఆ సభలో అలా ఎవరైనా నిలబడగలరా?

కౌలూన్ నుంచి

లేదు. 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టం వచ్చింది. అదే ఏడాది నవంబరులో నలుగురు సభ్యుల్ని తొలగిస్తే మిగతా ప్రజాస్వామ్య పక్షం అంతా రాజీనామా చేసింది. 2021లో సభను 90 సీట్లకి పెంచి, జనం నేరుగా ఎన్నుకునేవి 20కి తగ్గించారు. పోటీ చేసే ప్రతివాళ్లూ ముందు కమిటీ ఆమోదం తెచ్చుకోవాలి. ఏటా జూన్ 4న విక్టోరియా పార్కులో జరిగే కొవ్వొత్తుల సభలని 2020 నుంచి జరగనివ్వడం లేదు. వాటిని నడిపిన సంఘం 2021 సెప్టెంబరులో మూతపడింది, దాని నాయకులు జైలుకెళ్లారు. 2005లో సభలో నిలబడ్డవాళ్లలో లుంగ్ క్వాక్-హంగ్‌కి, పొడుగు జుట్టాయనకి, భద్రతా చట్టం కేసులో 2024లో శిక్ష పడింది.

జావో అస్థికలు పద్నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాయి. ఎక్కడ పాతిపెట్టాలో ప్రభుత్వం ఒప్పుకోక. 2019 అక్టోబరు 18న, ఆయన నూరవ పుట్టినరోజు దాటిన మర్నాడు, బీజింగ్ బయట చాంగ్‌పింగ్‌లో ఒక ప్రైవేటు శ్మశానంలో ఆయన భార్య లియాంగ్ బోచీ అస్థికలతో పాటు పెట్టారు.

అన్నట్టు, 2005 జనవరి 19 నాటి సభా కార్యక్రమాల రికార్డు లెజిస్లేటివ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఉండేది. మాస్టారూ, మీరు ఈ విషయం మీద రాస్తానంటే అది దింపుకుని పెట్టుకోండి, తేదీతో వెతికితే దొరుకుతుంది.

నెల్లూరు మాస్టారు

రాస్తాను నాయనా. ఇవాళ రాత్రే దింపుతాను. హూ జివెయ్ సంతకాల సంగతి కూడా అందులోకి తెస్తాను. పాతపేపర్లు గారూ, 1989 మే, జూన్ నాటి తెలుగు దినపత్రికలు మీ దగ్గరుంటే ఆ పేజీల ఫోటోలు పంపండి. మనవాళ్లు ఆ రోజుల్లో ఏం రాశారో కూడా పెడదాం.